శాసనం నుంచి సంచిక దాకా: బౌద్ధ పరిశోధన వ్యాసాలు పరిశీలనకు నిలిచే తీరు

"ఆచార్య నాగార్జునుడు నాగార్జునకొండలో నివసించాడు" అనే వాక్యం తెలుగువారికి కొత్త కాదు. బడి పుస్తకాల నుంచి సభావేదికల దాకా అందరూ విన్న మాటే. ఇదే వాక్యం హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయం నుంచి బౌద్ధ అధ్యయనాల జర్నల్‌కు వెళ్లిన వ్యాసంలో ఏ ఆధారమూ లేకుండా కనిపిస్తే, దాన్ని చదివే పండితుడు మొదట ఆగేది అక్కడే. ఆ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల శాసనాలు అక్కడి నగరాన్ని విజయపురి అన్నాయి, ఆ కొండను శ్రీపర్వతం అన్నాయి. మాధ్యమిక దర్శన కర్త అయిన నాగార్జునుని పేరు వాటిలో ఎక్కడా లేదు. జగ్గయ్యపేటలో దొరికిన బుద్ధ విగ్రహ పీఠం మీద మాత్రం భదంత నాగార్జునాచార్యుని పేరు ఉంది. ఆయన శిష్యుడు జయప్రభాచార్యుడు, జయప్రభుని శిష్యుడు చంద్రప్రభుడు ఆ విగ్రహాన్ని నిలిపినట్లు ఆ శాసనం చెబుతుంది. అయితే ఆ లిపి సుమారు 6వ శతాబ్దానిది. దార్శనికుడైన నాగార్జునుణ్ణి పండితులు సాధారణంగా 2, 3 శతాబ్దాల్లో నిలుపుతారు. ఆయనను శ్రీపర్వతంతో ముడిపెట్టిన కథనాలు టిబెటన్ చరిత్రకారుల రచనల్లో ఉన్నాయి, అవి ఆయన కాలానికి ఎన్నో వందల ఏళ్ల తర్వాతివి. కాబట్టి ఆ వాక్యం అబద్ధమని పరిశీలకుడు అనడు. అది శాసనం చెప్పిన మాటా, సంప్రదాయం చెప్పిన మాటా, రచయిత ఊహా అని అడుగుతాడు. తోటి పండితుల పరిశీలన, అంటే పీర్ రివ్యూ, బౌద్ధ అధ్యయనాల్లో చేసే పనంతా దాదాపు ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉంది.

హైదరాబాద్ పరిశోధకులకు ఈ ప్రశ్న మరింత దగ్గరిది. సూర్యాపేట జిల్లాలోని బౌద్ధ స్థలం ఫణిగిరికి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. నేలకొండపల్లి, ధూళికట్ట, కొండాపూర్, నాగార్జునకొండ ఏవీ అందని దూరంలో లేవు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, 1974లో వచ్చిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియం ఇక్కడే ఉన్నాయి. ఆంధ్రదేశపు బౌద్ధ శాసనాలను ఒకచోట చేర్చి బి.ఎస్.ఎల్. హనుమంతరావు, ఆయన సహచరులు తెచ్చిన సంపుటం కూడా 1998లో సికింద్రాబాద్‌లోని ఆనంద బుద్ధ విహార ట్రస్టు నుంచే వెలువడింది. రాయికి ఇంత దగ్గరగా ఉన్నవారి వ్యాసాలు పరిశీలనలో నిలవకపోతే ఆలోచన కొరవడిందనీ, ఇంగ్లీషు రాలేదనీ అనుకోవడం పరిపాటి. చాలా సందర్భాల్లో అసలు కారణం ఆ రెండూ కాదు. రచయిత రాయి దగ్గర నిలబడి చూసినది, వేల మైళ్ల దూరంలో కూర్చున్న మరొకరు సరిచూసుకోవడానికి వీలుగా కాగితం మీదికి రాకపోవడమే అసలు లోపం.

పంపే ముందు జర్నల్‌ను ఎంచుకోవాలి, తొలి పొరపాటు తరచుగా అక్కడే జరుగుతుంది. అంతర్జాతీయ బౌద్ధ అధ్యయన సంఘం 1976లో ఏర్పడి, 1978 నుంచి సొంత జర్నల్ నడుపుతోంది. 1957లో మొదలైన ఇండో ఇరానియన్ జర్నల్ భాషాశాస్త్రం, శాసనాలు, మూలగ్రంథాల పరిష్కరణల (పాఠం సరిచూసి అచ్చు వేసిన ప్రతుల) వైపు మొగ్గుతుంది. 1881లో స్థాపితమైన పాళీ టెక్స్ట్ సొసైటీ వెలువరించే జర్నల్ పేరుకు తగ్గట్టే పాళీ గ్రంథాలకు పెద్దపీట వేస్తుంది. 1994 నుంచి ఆన్‌లైన్‌లోనే వస్తున్న జర్నల్ ఆఫ్ బుద్ధిస్ట్ ఎథిక్స్ నీతిశాస్త్ర చర్చలకు వేదిక. అంబేడ్కర్ నవయాన బౌద్ధం మీద నేటి హైదరాబాద్‌లో చేసిన క్షేత్ర పరిశోధనను శాసన పాఠాల జర్నల్‌కు పంపితే, వ్యాసం ఎంత బాగున్నా సంపాదకుని బల్ల దాటదు. ఇక్కడ తిరస్కారం వ్యాసం నాణ్యత మీద తీర్పు కాదు, అది చేరాల్సిన చోటికి చేరలేదనే సమాచారం మాత్రమే. ఆ జర్నల్ గడిచిన రెండు మూడేళ్ల సంచికలను తిరగేస్తే, అక్కడ ఎలాంటి ప్రశ్నలకు చోటుందో, ఎంత నిడివి వ్యాసాలు వస్తాయో, ఏ పరిష్కరణలను ఉటంకిస్తారో తెలిసిపోతుంది.

డబ్బులు తీసుకుని వారం పది రోజుల్లో అచ్చు వేస్తామనే జర్నళ్ల సంగతి కూడా ఇక్కడ చెప్పక తప్పదు. పరిశోధక విద్యార్థి డాక్టరేట్ సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు వ్యాసం అచ్చయి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022 నవంబరు నియమావళిలో తొలగించింది. ఆమోదిత జర్నళ్ల కేర్ జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో నిలిపివేసి, జర్నల్ మంచిచెడ్డలు తేల్చుకునే బాధ్యతను విద్యాసంస్థలకే అప్పగించింది. జాబితా ఉన్నప్పుడు దాన్ని చూసి నిశ్చింతగా ఉండేవారు, ఇప్పుడు సంపాదకవర్గంలో ఎవరున్నారో, వారు నిజంగా పాళీ, సంస్కృతం, టిబెటన్, చైనీస్ చదవగలవారేనో తామే చూసుకోవాలి. పైన చెప్పిన జర్నళ్ల వంటివి సాధారణంగా రచయిత దగ్గర రుసుము వసూలు చేయవు. పరిశీలకులకు పారితోషికం ఉండదు. ఆ శ్రమంతా పండితులు ఒకరికొకరు చేసుకునే సేవ. వారంలో పరిశీలన ముగిసిందన్న మాట వింటే, పరిశీలన జరగలేదనే అర్థం చేసుకోవాలి.

వ్యాస ప్రతిని సిద్ధం చేయడంలో తెలుగువారికి ఒక అనుకూలత ఉంది, ఒక ప్రమాదమూ ఉంది. రోమన్ లిపిలో సంస్కృత, పాళీ పదాలు రాసేటప్పుడు అక్షరాల కింద చుక్కలు, పైన గీతలు పెట్టాలి. న, ణ, ద, డ, శ, ష, స తేడాలు చిన్నప్పటి నుంచీ నాలుక మీదే ఉన్నవారికి ఆ గుర్తులు కష్టం కావు. ఎ, ఏ, ఒ, ఓ తేడా చూపాల్సిన తెలుగు ఊళ్ల పేర్లకు 2001లో వచ్చిన ఐఎస్ఓ 15919 పద్ధతి సరిపోతుంది. సంస్కృతానికి వాడే మామూలు పద్ధతిలో ఆ హ్రస్వ దీర్ఘాల తేడాకు గుర్తు లేదు. ప్రమాదం మరోచోట ఉంది. నాగార్జునకొండ మహాచైత్య స్తంభాల మీద ఉన్న దాత పేరు "చాంతిసిరి". ఆమె సోదరుడైన రాజు పేరు "చాంతమూల". తెలుగు చరిత్ర పుస్తకాలు వీరిని శాంతిశ్రీ, శాంతమూలుడు అని పిలుస్తాయి. ప్రాకృతాన్ని సంస్కృతం చేసి చదివే అలవాటు మనకు ఎంత సహజమంటే, అలా మార్చామన్న స్పృహ కూడా ఉండదు. శాసనంలో ఉన్నది చకారం. అది శాంతి శబ్దమేనన్నది ఒక ప్రతిపాదన, రాతి మీది పాఠం కాదు. వ్యాసంలో మొదట రాయి మీది రూపం ఇచ్చి, సంస్కృత రూపం ఊహ అని ఒక్క మాట చేర్చితే పరిశీలకునికి అభ్యంతరం ఉండదు. చేర్చకపోతే, ఈ రచయిత మూల శాసనం చూశాడా, లేక తెలుగు పుస్తకం నుంచి ఎత్తి రాశాడా అన్న అనుమానం తొలి పుటలోనే మొదలై చివరిదాకా వెంటాడుతుంది.

గ్రంథాలను ఉటంకించే తీరు కూడా ఇలాంటిదే. పాళీ సూత్రాన్ని పాళీ టెక్స్ట్ సొసైటీ పరిష్కరణలోని సంపుటం, పుట సంఖ్యలతో చూపడం ఆనవాయితీ. చైనీస్ గ్రంథాలకు 1924 నుంచి 1934 వరకు జపాన్‌లో అచ్చయిన తైషో త్రిపిటకమే ప్రమాణం. అందులో గ్రంథ సంఖ్య, సంపుటం, పుట, ఆ పుటలో మూడు పట్టీల్లో ఏదో చెప్పాలి. టిబెటన్‌కు 1959లో టరెల్ వైలీ ప్రతిపాదించిన లిప్యంతరీకరణ వాడుకలో ఉంది. ధాన్యకటకంలో పూర్వశైల, అపరశైల విహారాలను చైనా యాత్రికుడు షువాన్ త్సాంగ్ చూశాడని రాయాల్సి వచ్చినప్పుడు, మన దగ్గర ఇంకా 1884 నాటి శామ్యూల్ బీల్ ఆంగ్లానువాదాన్నే ఆధారంగా చూపుతుంటారు. ఆ యాత్రా గ్రంథం మూలం తైషో 51వ సంపుటంలో 2087 సంఖ్యతో ఉంది. చైనీస్ రానివారు మూలం చదవాలని ఎవరూ అడగరు. అనువాదం మీదే ఆధారపడ్డామని నిజాయితీగా చెప్పి, ఇటీవలి అనువాదంతో కూడా పోల్చి, వాదంలో కీలకమైన పదం ఉంటే ఆ భాష తెలిసినవారిని అడిగి, ఆ సహాయాన్ని కృతజ్ఞతల్లో చెప్పడం వరకు ఆశిస్తారు.

శాసనం మీద రాసేటప్పుడు భారం ఇంకా పెరుగుతుంది. తడిపిన కాగితాన్ని రాతిపై పరిచి, బ్రష్‌తో కొట్టి, అక్షరాల గుంటల్లోకి కాగితం దిగాక పైన సిరా అద్ది తీసే నకలును ఎస్టాంపేజ్ అంటారు. సిరా అంటని చోట అక్షరం తెల్లగా నిలుస్తుంది. రాయి పెచ్చులూడిన చోట కూడా తెల్లగానే కనిపిస్తుంది. ఏది అక్షరమో, ఏది పగులో నకలు ఒక్కదాన్నే చూసి తేల్చడం ఒక్కోసారి అసాధ్యం. అందుకే పాఠాన్ని అచ్చు వేసేటప్పుడు స్పష్టంగా ఉన్న అక్షరాలను ఒక రకంగా, చెరిగి పాక్షికంగా కనిపించేవాటిని బ్రాకెట్లలో, పూర్తిగా పోయి రచయిత ఊహతో పూరించినవాటిని మరో రకం బ్రాకెట్లలో చూపే పద్ధతి స్థిరపడింది. ఈ తేడా చూపని పాఠం ఎంత గొప్ప పండితునిదైనా పరిశీలకుడు నమ్మలేడు, ఎందుకంటే దానిలో రాయి ఎక్కడ ముగిసి పండితుడు ఎక్కడ మొదలయ్యాడో తెలియదు.

ఒక్క అంకె ఎంత పని చేస్తుందో ఫణిగిరి చూపింది. అక్కడ దొరికిన ఒక పద్య శాసనాన్ని ఆస్కార్ ఫాన్ హిన్యూబర్, పీటర్ స్కిల్లింగ్ 2011లో టోక్యోలోని సోకా విశ్వవిద్యాలయ బౌద్ధ పరిశోధన సంస్థ వార్షిక సంచికలో ప్రచురించారు. అది ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరానిది. అంతకుముందు శాసనాల వల్ల తెలిసిన దానికంటే ఆయన పాలన ఎక్కువ కాలం సాగిందని, విజయపురికి దూరంగా ఉన్న మూసీ పరీవాహక ప్రాంతం కూడా ఆయన ఏలుబడిలో ఉందని దానివల్ల తేలింది. అలాంటి అంకెను రెండో కన్ను చూడకుండా అచ్చు వేస్తే, తప్పు చదివిన పక్షంలో ఒక రాజవంశపు కాలక్రమమే పక్కకు జరిగిపోతుంది. 2016 జనవరి, ఫిబ్రవరిల్లో ఆర్లో గ్రిఫిత్స్, విన్సెంట్ తూర్నియే, స్టెఫాన్ బౌమ్స్, ఇంగో స్ట్రాఖ్ అనే పండితులు తెలుగు రాష్ట్రాల్లో తిరిగి పాత శాసనాలను మళ్లీ ఫొటోలు తీసి, పాఠాలు సరిచూసి ప్రచురించారు. అచ్చయిన పాఠాన్ని మళ్లీ రాతి దగ్గరికి తీసుకువెళ్లి సరిచూడటం ఈ రంగంలో అవమానం కాదు, నిత్యకృత్యం.

వ్యాసం పంపేటప్పుడు రచయిత పేరు తెలియకుండా చేయాలి. పరిశీలకుడు ఎవరో రచయితకు, రచయిత ఎవరో పరిశీలకునికి తెలియని ఈ పద్ధతిని డబుల్ బ్లైండ్ అంటారు. మొదటి పుట నుంచి పేరు తీసేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. వర్డ్ ఫైలు లక్షణాల్లో పేరు మిగిలిపోతుంది. కృతజ్ఞతల్లో గైడ్ పేరు కనిపిస్తుంది. "నా ఎం.ఫిల్. సిద్ధాంత వ్యాసంలో చూపినట్లు" అన్న అడుగు సూచిక ఒక్కటే గుట్టంతా విప్పుతుంది. నిజానికి తెలుగు నేల బౌద్ధ శాసనాల మీద అధికారంతో మాట్లాడగలవారు ప్రపంచం మొత్తం మీద చాలా కొద్దిమంది, కొత్తగా దొరికిన శాసనం మీద వ్యాసం వస్తే ఎవరిదో ఊహించడం కష్టం కాదు. అయినా ఆ ముసుగుకు విలువ ఉంది. పేరూ ఊరూ హోదా పక్కన పెట్టి, వాదాన్ని వాదంగా చదవాలని పరిశీలకునికి అది గుర్తు చేస్తుంది. హైదరాబాద్‌లోని ఒక పరిశోధక విద్యార్థికీ, పేరుమోసిన ఆచార్యునికీ ఒకే కొలత వాడాలన్నది ఆ పద్ధతి ఇచ్చే మాట. అది అన్నివేళలా నిలుస్తుందని చెప్పలేకపోయినా, అది లేనిదానికంటే ఉన్నది ఎంతో మేలు.

ఒక సమయంలో ఒకే జర్నల్‌కు పంపాలి. చరిత్ర కాంగ్రెస్ సంచికలో ఇదివరకే వచ్చిన వ్యాసాన్ని విస్తరించి పంపుతుంటే ఆ మాట సంపాదకునికి ముందే చెప్పాలి. గ్రంథచౌర్యంపై యూజీసీ 2018 నిబంధనలు 10 శాతం వరకు పోలికను శిక్షార్హంగా చూడవు. ఆధారం చూపిన ఉటంకింపులను, వరుసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసే పదబంధాలను లెక్కలోంచి తీసేయమంటాయి. సూత్రాల్లో ఒకే మాటలు పదే పదే వచ్చే బౌద్ధ వాఙ్మయంలో సాఫ్ట్‌వేర్ చూపే శాతం ఒక్కదాన్నే నమ్మడం సరికాదు, ఏ భాగం కలిసిందో మనిషి చూడాలి.

సంపాదకుడు తొలి చూపులో తిప్పి పంపని వ్యాసం ఇద్దరు పరిశీలకులకు వెళుతుంది. ఫలితం రావడానికి నెలలు పడుతుంది, ఏడాది దాటడమూ అరుదు కాదు. ఉన్నదున్నట్టు ఆమోదం దాదాపు ఎవరికీ దొరకదు. స్వల్ప మార్పులు, గణనీయమైన మార్పులు, తిరస్కారం, ఈ మూడింటిలో ఒకటి వస్తుంది. గణనీయమైన మార్పులు కోరిన ఉత్తరాన్ని చూసి కుంగిపోయి వ్యాసాన్ని పక్కన పెట్టేవారు ఇక్కడ ఎక్కువ. అది విచారకరం, ఎందుకంటే ఆ ఉత్తరం సారాంశం వ్యాసం మీద ఆసక్తి ఉందనే. పరిశీలకుల ప్రతి అభ్యంతరాన్నీ విడివిడిగా తీసుకుని, ఏది మార్చామో, ఎక్కడ మార్చామో, ఏది ఎందుకు మార్చలేదో చెబుతూ జవాబు రాయాలి. అన్నీ ఒప్పుకోనక్కర్లేదు. రాయిని స్వయంగా చూసిన రచయిత, ఫొటో మాత్రమే చూసిన పరిశీలకునితో విభేదించి, ఆ అక్షరపు మరో స్పష్టమైన చిత్రం జతచేసి గెలిచే అవకాశం పుష్కలంగా ఉంటుంది. స్థానికంగా ఉండటం నిజమైన బలంగా మారేది అక్కడే.

ఈ విమర్శ పద్ధతి పడమటి నుంచి వచ్చిన కొత్త ఆచారమని అనుకోనవసరం లేదు. దీఘనికాయంలోని మహాపరినిబ్బాన సుత్తంలో, రెండో సంపుటం 123వ పుట నుంచి, నాలుగు మహాపదేశాలు వస్తాయి. ఒక భిక్షువు "ఈ మాట నేను భగవానుని నోటే విన్నాను" అంటే, దాన్ని వెంటనే అభినందించకూడదు, వెంటనే కొట్టిపారేయకూడదు. ఆ మాటలను జాగ్రత్తగా గ్రహించి, సుత్తంతో (బుద్ధుని ఉపదేశాలతో), వినయంతో (సంఘ నియమాలతో) పోల్చి చూడాలి. సరిపోతే స్వీకరించాలి, సరిపోకపోతే ఆ భిక్షువు తప్పుగా గ్రహించాడని వదిలేయాలి. చెప్పినవాడు ఎంత పెద్దవాడైనా, సంఘమంతా చెప్పినా, ఇదే పద్ధతి. వర్షావాసం చివర జరిగే పవారణలో ప్రతి భిక్షువూ తన తప్పులను చూసినవి గానీ, విన్నవి గానీ, అనుమానించినవి గానీ చెప్పమని సంఘాన్ని తానే వేడుకుంటాడు. అడిగి చెప్పించుకునే ఆ విమర్శకు, పరిశీలకుని నివేదికకు ఉన్న చుట్టరికాన్ని బౌద్ధం మీద పనిచేసేవారు గమనించకుండా ఉండలేరు.

మన దేశంలోనే బహిరంగ పరిశీలన సంప్రదాయం కూడా ఉంది. శాసనాల పత్రిక ఎపిగ్రాఫియా ఇండికా పాత సంపుటాల్లో శాసన పాఠం కింద అడుగు సూచికల్లో చదరపు బ్రాకెట్ల మధ్య సంపాదకుడు తన విభేదాన్ని అచ్చు వేసేవారు. రచయిత చదివింది ఇది, ప్రతిలో నాకు కనిపించేది ఇది అన్న ధోరణిలో ఉండే ఆ చిన్న గమనికలు రెండు పాఠాలనూ పాఠకుని ముందు ఉంచాయి. నాగార్జునకొండ ప్రాకృత శాసనాలను డచ్ పండితుడు ఫోగెల్ ప్రకటించింది కూడా ఆ పత్రిక 20, 21 సంపుటాల్లోనే. నేటి అజ్ఞాత పరిశీలనలో ఆ విభేదం సంపాదకుని ఫైలులోనే ఉండిపోతుంది. వ్యాసం అచ్చయ్యాక ఏ అక్షరం గురించి ఎవరు పట్టుబట్టారో చదివేవారికి తెలియదు. శాసనాల విషయంలో పాత పద్ధతిదే పైచేయి అనిపిస్తుంది.

మరో లోపం మరింత లోతైనది. తెలుగులో రాసిన పరిశోధన అంతర్జాతీయ వ్యాసాల్లో కనిపించదు. 1924లో మొదలైన భారతి పత్రికలో శాసనాల మీద, స్థలనామాల మీద దశాబ్దాల పాటు చర్చలు జరిగాయి. పరిశీలకుల్లో తెలుగు చదవగలవారు అరుదు కావడంతో, రచయిత వాటిని ఉటంకించకపోయినా ఎవరూ అడగరు, ఉటంకిస్తే సరిచూడలేరు. ఇందుకు మందు కొంత రచయిత చేతిలోనే ఉంది. తెలుగు ఆధారం చూపినప్పుడు సంబంధించిన రెండు మూడు వాక్యాల మూలాన్ని, అనువాదాన్ని అడుగు సూచికలో ఇవ్వవచ్చు. పరిశీలకులుగా ఎవరిని అడగవచ్చో కొన్ని జర్నళ్లు రచయితనే సూచించమంటాయి, అక్కడ తెలుగు, ప్రాకృతం రెండూ తెలిసినవారిని సూచించవచ్చు. హైదరాబాద్ పండితులు వ్యాసాలు పంపడంతో సరిపెట్టుకోకుండా, పరిశీలించడానికి పిలుపు వచ్చినప్పుడు ఒప్పుకోవడం అంతకంటే అవసరం. ఆ కుర్చీలో తెలుగు తెలిసినవారు కూర్చుంటే తప్ప ఈ ఖాళీ పూడదు.

ఆమోదం వచ్చాక మిగిలే పనులు చిన్నవిగా కనిపిస్తాయి. మ్యూజియం వస్తువుల ఫొటోలకు పురావస్తు శాఖ అనుమతి పత్రం కావాలి, అది వ్యాసం పంపడానికి ముందే మొదలుపెట్టాల్సిన పని. వస్తువు ఎక్కడ, ఎలా దొరికిందో చెప్పమని కూడా అడుగుతారు. తవ్వకంలో స్థానం తెలియకుండా చేతులు మారిన వస్తువుల మీద రాయడం సబబా అన్న చర్చ, 1994లో బ్రిటిష్ లైబ్రరీకి చేరిన గాంధారీ భాషలోని భూర్జపత్ర ప్రతుల నాటి నుంచీ సాగుతూనే ఉంది.

చివరగా ప్రూఫులు వస్తాయి, గడువు కొద్ది రోజులే. ఫాంటు మారినప్పుడు మొదట ఎగిరిపోయేవి అక్షరాల కింది చుక్కలే. ణకారం నకారమవుతుంది, టకారం తకారమవుతుంది, అనుస్వారం మాయమై చాంతిసిరి కాస్తా చాతిసిరి అవుతుంది. అచ్చుకూర్పు చేసేవారికి ఆ తేడా తెలియదు, సంపాదకునికి ప్రతి పుట మీదా చూపు నిలిపే తీరిక ఉండదు. అందుకే అనుభవం ఉన్నవారు ప్రూఫు కాగితాన్ని వ్యాస ప్రతితో పోల్చరు. ఎస్టాంపేజ్ ఫొటోను పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, మళ్లీ మొదటి పంక్తి నుంచి చదువుతారు.